తమ్ముడి వంతు

మైకు చేతికొస్తే తమ్ముడికి ఒళ్లు తెలియదు. యాభై దాటాయి, నెత్తిమీది వెంట్రుకలు ఒకటొకటిగా సెలవు పుచ్చుకున్నాయి, అయినా ఇంటా బయటా అతను తమ్ముడే. విత్తనాల కంపెనీలో సేల్సు ఆఫీసరు. రైతుల్ని కూర్చోబెట్టి, కడుపుబ్బ నవ్వించి, ఆ నవ్వు ఆరేలోగా సంచీ అంటగట్టడం అతని ఉద్యోగం. అలాంటివాడికి సొంత అక్క రిటైర్మెంటు సభలో మాట్లాడమంటే వదులుతాడా?

సభంటే పెద్ద సభేమీ కాదు. ఆస్పత్రిలో ఓపీ హాలు. మధ్యాహ్నానికి రోగులు వెళ్లిపోయాక, నేలకు బిగించిన ఇనప కుర్చీల్లో నర్సులూ, వార్డు బాయిలూ, ల్యాబు వాళ్లూ సర్దుకుని కూర్చున్నారు. గోడమీద 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు. సరిగ్గా దాని కిందే స్పీకరు పెట్టె. ముందు వరసలో సూపరింటెండెంటు డాక్టరుగారు, ఆయన పక్కన అక్క. ఇన్నేళ్లుగా ఆ ఆస్పత్రికి హెడ్ నర్సు. ఒళ్లో పూలగుత్తి పెట్టుకుని, దాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టు కూర్చుంది.

"మీ హెడ్ నర్సుగారి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు," అని మొదలుపెట్టాడు తమ్ముడు. "ఇంజక్షనుకి భయపడి బాత్రూములో దాక్కున్న పేషెంటుని కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చే మనిషి. అవునా, కాదా?"

"అవును!" అని అరిచారు వెనక వరసలో కుర్ర నర్సులు.

"మరి ఆ మనిషే, చిన్నప్పుడు దాగుడుమూతల్లో నన్ను ఒక్కసారంటే ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయింది!"

హాలు గొల్లుమంది. తమ్ముడికి ఊపొచ్చింది. ఈ కథ అతనికి కొత్తది కాదు. విత్తనాల మీటింగుల్లో చెప్పిచెప్పి నున్నగా అరగదీసినదే. అయినా చెప్పినప్పుడల్లా ఆ ఎండాకాలాలు మళ్లీ కళ్లముందుకొస్తాయి. అందుకే కాబోలు, విన్నవాళ్లకీ వస్తాయి.

బడికి సెలవులిచ్చారంటే ఇక పిల్లలకు ఇల్లు పట్టేది కాదు. వీధి చివర కలప అడితి. దుంగల గుట్టలు, రంపపు పొట్టు కుప్పలు, చక్రం ఊడిపోయిన బండి ఒకటి. దాక్కోవడానికి దేవుడు పనిగట్టుకుని చేసిచ్చినట్టుండేది. చెప్పులుండేవి కావు. అరికాళ్లు చుర్రుమంటుంటే నీడలోంచి నీడలోకి గెంతుతూ పోవడమే. దాహమేస్తే వీధి కుళాయికి నోరు పెట్టేయడమే. మొదట వేడినీళ్లొచ్చేవి, నాలిక కాలేది, అయినా ఎవరూ వెనక్కి తగ్గేవారు కాదు. పచ్చి కలప వాసన, చెమటకి ఒంటినిండా అంటుకున్న పొట్టు. ఇంటికెళితే వీపు విమానం మోత మోగుతుందని తెలిసీ, ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట అనుకుంటూ చీకటి పడేదాకా.

"ముందు దొరికినవాడు దొంగ," అన్నాడు తమ్ముడు. "అడితి వెనకగోడకి ముఖం ఆనించి, కళ్లు మూసుకుని లెక్కపెట్టాలి. పడమటి గోడ. మధ్యాహ్నమయితే పెనమే! ఆ గోడ దగ్గర ఎప్పుడు చూసినా ఎవరయ్యా అంటే, ఇదిగో, ఈవిడే. మేమంతా దుంగల సందున చల్లగా కూర్చుంటే ఈవిడ బల్లిలా గోడకి అతుక్కుని ఉండేది. నుదురంతా కమిలి, తోలు లేచిపోయేది. నేను మాడుముఖం అని పేరు పెట్టాను. ఇప్పటికీ నా ఫోన్లో ఈవిడ నంబరు ఆ పేరుమీదే ఉంది, కావాలంటే చూడండి!"

ఫోను పైకెత్తి చూపించాడు. డాక్టరుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. అక్క కూడా నవ్వింది. నవ్వి, "చాల్లేరా, దిగు," అన్నట్టు చేత్తో సైగ చేసింది.

చప్పట్ల మధ్య దిగి వచ్చాడు. టీ కప్పులు తిరుగుతున్నాయి. భార్య పక్కకు జరిగి చోటిస్తూ, "పెళ్లయిన కొత్తలో విన్నప్పుడు ఆ గోడ ఇంత వేడిగా లేదండీ. చెప్పే కొద్దీ మండిపోతోంది," అంది.

"కథంటే అంతేనే."

అప్పుడొచ్చాడు బొంగరం, అడితి ఆటల్లో జతగాడు. చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేవాడు కాదని ఆ పేరు. ఇప్పుడు ఆస్పత్రి ఎదురుగా పెద్ద మందుల షాపు, ఒంటినిండా కండ, కూర్చుంటే లేవడు. అయినా పేరు మాత్రం పోలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఒరే, ఇందాక నువ్వు చెప్పింది జోకా, నిజంగానే చెప్పావా?"

"ఏది?"

"నువ్వెప్పుడూ దొరకలేదన్నది."

"నువ్వూ ఉన్నావు కదరా అక్కడ! నేనెప్పుడైనా దొరికానా?"

బొంగరం అతని ముఖంలోకి చూశాడు. "అయ్యో రామ," అన్నాడు నెమ్మదిగా. "నీకు నిజంగా తెలీదు. తెలిసే సరదాకి అంటున్నావేమో అనుకున్నాన్రా ఇన్నేళ్లూ."

"ఏంటో చెప్పి ఏడు."

"నువ్వు ఆటలో అరటిపండువిరా."

తమ్ముడు నవ్వాడు. ఆటలో అరటిపండు అంటే ఉన్నా లెక్కలోకి రాని పిల్లకాయ. చిన్నవాడు ఏడుస్తాడని, ఊరికే చేర్చుకున్నట్టు చేర్చుకుంటారు. వాడు దొరికినా దొంగ కాడు. బొంగరం మాత్రం నవ్వలేదు.

"ఎర్ర చొక్కా వేసుకుని పొట్టుకుప్ప వెనక కూర్చునేవాడివి. సగం వీపు ఇవతలే ఉండేది. పైగా ఎక్కిళ్లు. గుడ్డివాడికైనా ముందు నువ్వే దొరుకుతావు. మొదటిరోజే పట్టుకున్నాం నిన్ను. ఏం చేశావు? గోడ దగ్గర నిలబడమంటే కిందపడి పొర్లావు. ఇంటికి పరిగెత్తి మీ అమ్మని తీసుకొచ్చావు. ఆవిడ చీపురు పట్టుకుని అడితంతా ఊడ్చిపారేసింది, మాతో సహా. ఇక వీణ్ణి చేర్చుకోం అన్నాం. అప్పుడు మీ అక్క పూచీ పడింది. 'వాడు దొరికితే వాడి వంతు నాది. వాడికి మాత్రం చెప్పకండి,' అని మా అందరిచేతా ఒట్టు వేయించింది."

"అబద్ధం."

"నాకేమొస్తుందిరా అబద్ధమాడితే? ఎవరు దొంగయినా నువ్వు కనపడగానే చూడనట్టు పక్కనుంచి పోయి, 'అక్క అవుట్' అని అరవడం. ఆవిడ ఎక్కడ దాక్కున్నా సరే, లేచి వచ్చి గోడకి ముఖం పెట్టడం. అంత బాగా దాక్కునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఒకసారి ఖాళీ నీళ్ల పీపాలో దూరింది, సాయంత్రం దాకా వెతికినా దొరికేది కాదు. ఏం లాభం? నీకు ఎక్కిళ్లొచ్చాయి."

తమ్ముడికి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. పొట్టుకుప్ప పక్కకి బొంగరం వచ్చాడు. బక్కపలచటి బొంగరం, చీమిడి ముక్కు బొంగరం. సూటిగా తన కళ్లలోకే చూశాడు. తను ఊపిరి బిగబట్టాడు. బొంగరం తల తిప్పుకుని వెళ్లిపోయాడు. ఊపిరి బిగబడితే నేను ఎవరికీ కనపడను అని ఆ రోజు తమ్ముడికి తెలిసిపోయింది. ఆ తెలివితోనే పెరిగాడు. ఆ ధైర్యంతోనే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఎన్ని మీటింగుల్లో, ఎంతమంది ముందు, ఛాతీ విరుచుకుని చెప్పాడు ఆ మాట!

ఇందాక చెప్పిన ప్రతి మాటా వెనక్కి వచ్చి చెంపమీద కొట్టింది. బల్లి. మాడుముఖం. ఫోను ఎత్తి మరీ చూపించాడు. ఆవిడ పనిచేసిన చోట, ఆవిడ కింద పనిచేసిన పిల్లల ముందు. చెవుల దగ్గర మొదలైన వేడి మెడ దాకా పాకింది. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ చూడటం లేదు. అందరూ బిస్కెట్లు తింటున్నారు.

వెళ్లి చెప్పెయ్యాలి, అనుకున్నాడు. మైకు అక్కడే ఉంది. నాలుగు మాటలు. పొరపాటుగా చెప్పాను, అసలు సంగతి ఇదీ అని. అక్కకి ఇదే ఆఖరి రోజు. ఈ జనం మళ్లీ ఇలా ఒకచోట చేరరు. ఇప్పుడు చెప్పకపోతే వీళ్లందరి తలల్లో ఆవిడ మొద్దుపిల్లగానే మిగిలిపోతుంది. అనుకున్నాడు గానీ కిటికీ దగ్గరే ఉండిపోయాడు.

ఇంతలో డాక్టరుగారే పిలిచారు. "మన మందుల షాపాయన కూడా ఈవిణ్ణి చిన్నప్పటినుంచీ ఎరుగుదురట. రండి, మీరూ ఓ మాట చెప్పండి."

బొంగరం మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నేనెక్కువ మాట్లాడనండీ. ఇందాక మావాడు చెప్పినదాంట్లో ఒక చిన్న దిద్దుబాటుంది, అంతే..."

ఇప్పుడైనా తమ్ముడు ముందుకెళ్లి "ఆగరా, నేను చెప్తాను" అనొచ్చు. అనలేదు. అక్కవైపు చూశాడు. ఎలా చూశాడో అతనికి తెలియదు. తర్వాత భార్య చెప్పింది, "కింది పెదవి ముందుకొచ్చిందండీ, ఏడవబోయే పిల్లాడిలా" అని.

అక్క లేచింది. పూలగుత్తి డాక్టరుగారి ఒళ్లో పెట్టి, గబగబా నడిచి వెళ్లి బొంగరం చేతిలోంచి మైకు లాక్కుంది.

"కూర్చోరా నువ్వు. ఇంత ఒళ్లొచ్చినా నీ తిరుగుడు ఆగలేదు. దిద్దుబాటట, దిద్దుబాటు! వీడు చెప్పినదానికంటే నేను ఇంకా మొద్దునమ్మా. తమ్ముడు కాబట్టి పరువు కాపాడి కాస్త తగ్గించి చెప్పాడు. అదేగా నువ్వు చెప్పబోయేది?"

బొంగరం నోరు తెరిచి ఆవిణ్ణి చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. "అదే అక్కా," అన్నాడు.

హాలంతా మళ్లీ నవ్వులు. కుర్ర నర్సులు ఈలలు వేశారు. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. అందరూ ఆపాక కూడా అతని చేతులు ఆగలేదు. ఆపితే ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సభ అయిపోయింది. అక్క నర్సుల గదిలో తన అల్మారా ఖాళీ చేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పాత చెప్పులు, ఒక దువ్వెన, మూత పోయిన మంచినీళ్ల సీసా సంచిలో వేస్తోంది ఆవిడ.

"బొంగరం చెప్పాడు," అన్నాడు.

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"నాకోసం అన్ని ఎండల్లో..."

"ఆపరా!" అక్క వెనక్కి తిరిగింది. గొంతులో జాలి లేదు, కోపమూ లేదు. రోగి బంధువులతో మాట్లాడే గొంతది. "నీకోసమని ఎవరు చెప్పారు? తమ్ముణ్ణి తీసుకెళ్తేనే గడప దాటమంది అమ్మ. లేకపోతే అంట్లు, బట్టలు, నీళ్లు మొయ్యడం. నాకు బయటికి పోవాలని ఉండేది. నిన్ను చంకనేసుకెళ్తే గానీ పోనిచ్చేవారు కాదు. గోడ దగ్గరైతేనేం, బయటేగా? నా ఎండాకాలం అదే."

ఆ క్షణందాకా తమ్ముడి లోపల ఎక్కడో చిన్న ఊరట ఉండేది: నేనంటే అక్కకి అంత ప్రాణం అని. అదీ పోయింది. ఆ ఎండాకాలాల్లో ఆవిడకి తను గడప దాటించే చీటీ మాత్రమే. ఆ చీటీ ఆవిణ్ణి బల్లి అని పిలుచుకుంటూ తిరిగింది.

"మరి ఇవాళ ఎందుకు అడ్డం పడ్డావు? వాణ్ణి చెప్పనివ్వాల్సింది."

అక్క సంచి జిప్పు లాగింది. సగంలో ఇరుక్కుంటే విదిలించి మళ్లీ లాగింది. "అలవాటు," అంది. "తప్పుకో, లిఫ్టు పోతుంది."

అతను తప్పుకున్నాడు. ఆవిడ వరండాలో నడుస్తుంటే, ఎదురొచ్చిన కుర్ర నర్సు ఒకమ్మాయి ఆవిడకి నమస్కారం పెట్టి, తమ్ముణ్ణి చూసి ఆగింది.

"సార్, ఏం చెప్పారండీ! నవ్వలేక చచ్చాం. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను అప్పుడే."

"అది అబద్ధమమ్మా," అన్నాడు తమ్ముడు. "నేనే ప్రతిసారీ దొరికేవాణ్ణి. నా బదులు తను నిలబడేది. మీ అమ్మకి అలా చెప్పు."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. "మీరు భలేవారు సార్! ముఖం ఎంత సీరియస్‌గా పెట్టారో!"

"కాదమ్మా, నిజంగా..."

"ఉండండి సార్, వార్డులో బెల్లు కొడుతున్నారు," అంటూ నవ్వుకుంటూనే పరిగెత్తింది. వరండా చివర లిఫ్టు తలుపు మూసుకుంది.