కళ్ళు తీర్చే ఉలి

వైరు తెగిందని హాల్లో అందరికీ తెలుసు. కోసిందెవరో నాగార్జున ఒక్కడికే తెలుసు.

2006 ఫిబ్రవరి, శనివారం. నంద్యాల ఇంజనీరింగ్ కాలేజీలో రోబోల పోటీ. నేల మీద పచ్చరంగు గీతలతో ఒక చదరం, అందులో రెండు యంత్రాలు. అవతలి దాన్ని గీత దాటించినవాళ్ళు గెలిచినట్టు. గుద్దొచ్చు, తోయొచ్చు, పల్టీ కొట్టించొచ్చు. కోసే పదును మాత్రం ఉండకూడదు. ఒక్కో యంత్రానికి వెనక పొడుగాటి వైరు, దాని చివర స్విచ్చుల డబ్బా. ఒకరు స్విచ్చులు నొక్కుతుంటే, జతగాడు ఆ వైరు చక్రాల కింద పడకుండా పైకెత్తి పట్టుకుని చదరం చుట్టూ తిరగాలి.

ఫైనల్లో ఎదుట నిలిచింది ఆ కాలేజీ అమ్మాయే, లూదియా. పాత లారీ వైపర్ మోటార్లతో ఆమె కట్టిన యంత్రం అంతకుముందే ఇద్దరిని గీత అవతలికి ఈడ్చి పారేసింది. నాగార్జున యంత్రం దాని ముందు అగ్గిపెట్టె. గెలిచిన జట్టు హైదరాబాదు పోతుంది. కప్పుతోనే ఇంటికొస్తానని అతను ఆళ్ళగడ్డలో నాయనకు మాటిచ్చేశాడు.

అందుకే యంత్రాల తనిఖీ అయిపోయాక, తన జతగాడికి కూడా తెలియకుండా, ముందు రేకు కింద సన్నటి ఉలి ఒకటి బిగించాడు. అది ఇంట్లోంచి అడక్కుండా తెచ్చింది.

పోటీ నిమిషంలో తేలిపోయింది. నాగార్జున తన యంత్రాన్ని పక్కనుంచి తిప్పి లూదియా యంత్రం వెనక భాగాన్ని గుద్దాడు. వైరు లోపలికి దూరే చోట ఉలి దిగింది. పెద్ద యంత్రం ఉన్నచోటే ఆగిపోయింది. దాన్ని తీరిగ్గా గీత దాటించాడు.

వైరు వదులై చక్రం కింద పడి తెగిందని జడ్జి సుందరరాజు సార్ తేల్చారు. లూదియా జతగాడిగా వైరు పట్టుకున్న యేసుదాసు తన చేతుల వంక చూసుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నానని రెండుసార్లు చెప్పాడు. లూదియా అతని మొహం చూడలేదు. అందరి ముందూ చేతకానోడా అనేసి, నేరుగా నాగార్జున దగ్గరికొచ్చి చెయ్యి కలిపింది.

"నీదేం తప్పు లేదప్పా. మావోడు వదిలినాడు."

ఆ చెయ్యి విడిపించుకోవడానికి నాగార్జునకు ధైర్యం చాలలేదు.

ఆళ్ళగడ్డలో నాయన వెంకటేశ్వర్లు ఆ కప్పును పక్క షెడ్లలోని శిల్పులందరికీ చూపించి వచ్చాడు. ఆదివారం సాయంత్రం పనిలో కూర్చున్నాడు. కోయిలకుంట్ల వాళ్ళు పొద్దున్నే వచ్చి తీసుకుపోవాల్సిన అమ్మవారి విగ్రహానికి కళ్ళొక్కటే మిగిలాయి. కళ్ళు తీర్చడానికి ఆయన ఒక ఉలిని విడిగా గుడ్డలో చుట్టి పెట్టుకుంటాడు. దాన్ని ఇంకే పనికీ ముట్టడు.

గుడ్డ విప్పి, ఉలిని వెలుతురుకు పెట్టి చూశాడు. అంచు మీద చిన్న నొక్కు, అందులో ఎర్రటి మెరుపు.

"రాగి యాడ అంటిందిరా దీనికి?"

నాగార్జున వచ్చి నాయన ఎదుట కూర్చున్నాడు.

"పోటీలో వాడినావా?"

"వాడినా నాయనా."

"ఏం కోసినావ్?"

"వాళ్ళ వైరు."

వెంకటేశ్వర్లు తిట్టలేదు. ఉలిని మళ్ళీ గుడ్డలో చుట్టి కొడుకు ఒళ్ళో పెట్టాడు.

"కండ్లు వేరేదాంతో తీస్తా. ఇది నువ్వే పెట్టుకో."

రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది నాగార్జునకు. అల్మారాలో కప్పుకు అమ్మ బొట్టు పెట్టి ఉంది. అటు చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం మొదటి బస్సుకు నంద్యాల చేరాడు. కప్పునూ ఉలినీ సుందరరాజు సార్ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాడు. సార్ నాలుగు మాటలు కటువుగా అని, హైదరాబాదు పోయేవాళ్ళ కాగితంలో అతని పేరు కొట్టేసి లూదియా పేరు రాశారు. ఉలిని తిరిగి అతనికే ఇచ్చేశారు. అక్కడితో అయిపోతుందనుకున్నాడు. కాలేదు.

లూదియాను వెతుక్కుంటూ పోయి ఆమెకూ చెప్పాడు. కోప్పడితే పడదామనే వచ్చాడు. ఆమె కోప్పడలేదు.

"రెండు దినాలాయె యేసుదాసుతో మాట్లాడక," అంది. "పా. నువ్వూ రా."

యేసుదాసు ల్యాబ్‌లో ఒక్కడే కూర్చుని తెగిన వైరు అతుకుతున్నాడు. నాగార్జున చెప్పింది తలెత్తకుండా విన్నాడు.

"తెలుసు," అన్నాడు. "చక్రం కింద నలిగిన వైరు పీచుపీచుగా ఉంటాది. ఇది కోసినట్టుండె. శనివారమే చూసినా."

"మరి చెప్పలేదేందప్పా?" లూదియా బల్ల దగ్గరికి జరిగింది.

"చెప్తే ఎవరు నమ్మేది? నువ్వే నమ్మకపోతివి."

లూదియా తల దించుకుంది. నాగార్జున అంతకుముందే దించుకున్నాడు. యేసుదాసు కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ ఒక చేత్తో తీసుకుని, రెండో చేత్తో వైరు కొసలు నాగార్జునకు అందించాడు.

"పట్టుకో, అతుకుతా. వదలొద్దు. వదిలితే తప్పు నీదే అంటారు."

వేడి వేళ్ళదాకా పాకింది. నాగార్జున వదల్లేదు.