బాలింతల బాయి

మా అమ్మాయి సుష్మ పురిటికి వచ్చినప్పుడు నాకు పిల్ల గురించి బెంగ లేదు. నుయ్యి గురించే బెంగ. నీళ్లాడిన పిల్ల పురిటి స్నానం చేసి, నూతికి పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్లు తోడితే గాని పురుడు పూర్తయినట్టు కాదని మా గోదావరి వైపు పట్టింపు. నాచారంలో నుయ్యి ఎక్కడ దొరుకుతుంది? ఇంటికో బోరు, డాబా మీద నల్ల ట్యాంకు. మా ఆయన చిదంబరం గారి దగ్గర ప్రతి చిక్కుకీ ఒక ఉపాయం ఉంటుంది, అది ఎప్పుడూ పనికిరాదు. "బోరు పైపుకే పసుపు రాసి, పిల్ల చేత మోటారు స్విచ్చి వేయించు," అన్నారు. ఆ మాటకి రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు.

అప్పుడు ఆదుకున్నది సారలమ్మ. మా కాలనీ వెనక చెరువు ఒడ్డున ఆకుకూరలు పండించి, పొద్దున్నే గంపలో పెట్టుకొచ్చి అమ్మే మనిషి. నా గోడు విని గంప కిందికి దించింది.

"గింతదానికి ఫికరెందుకక్కా? మా మడి నడుమల బాయి ఉన్నది. మా అత్త ఆడ్నే జేసింది, నేను ఆడ్నే జేసిన. పిల్లను తోల్కరా."

వెళ్లి చూస్తే చిన్న రాతికట్టు బావి. చుట్టూ పాలకూర, తోటకూర, కొత్తిమీర మడులు. ఆ బావికి ఒక ఆనవాయితీ ఉందని సారలమ్మే చెప్పింది. బాలింత మొదటి చేద నీళ్లు గుక్కెడు తాగాలి, ఒక చుక్క బిడ్డ నాలుకకు తాకించాలి. సుష్మ అలాగే చేసింది. అంతసేపూ నా మనవణ్ణి సారలమ్మ ఒళ్లో పెట్టుకుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె చేతులు వాణ్ణి చటుక్కున వదల్లేదు.

ఆ తరువాత రెండు మూడేళ్లలో ఈ బావి సంగతి నోటి మాటగా పాకిపోయింది. నాగోలు నుంచి, సైనిక్‌పురి నుంచి కూడా బాలింతల్ని ఆటోల్లో తీసుకొచ్చేవారు. ఎవరు వచ్చినా సారలమ్మ బావి చుట్టూ ఊడ్చి ముగ్గు వేసి ఉంచేది. ఒక రవికె గుడ్డ తప్ప ఇంకేమీ పుచ్చుకునేది కాదు. వచ్చినవాళ్లు ఆ నీళ్లు తీర్థంలాగా సీసాల్లో పట్టుకుపోయి ఇంటి దగ్గర కూడా వాడేవారు. అందరికీ అది బాలింతల బాయి అయిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సారలమ్మకి ఒక్కతే కూతురు, రాణి. చెంగిచెర్లలో ఇచ్చారు. పెళ్లయి ఏళ్లు గడిచినా ఆ పిల్ల కడుపు పండలేదు. ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఎత్తుకుని నిలబడి, ఒకసారి సారలమ్మ నన్ను అడిగింది, "నా రాణి ఎప్పుడొస్తదక్కా ఈ బాయి కాడికి?" అని. నేను కొత్తిమీర కట్ట మరీ చిన్నదైపోయిందని తగువు పెట్టుకున్నాను. ఆమెకీ అర్థమైంది. ఇంకో రెండు రెమ్మలు పడేసి కొంగుతో మొహం తుడుచుకుంది.

రాష్ట్రం కోసం ఊరంతా అట్టుడికిపోతున్న రోజులవి. టీవీలో మా వైపు వాళ్లూ సారలమ్మ వైపు వాళ్లూ గొంతులు చించుకునేవారు. మేమిద్దరం మాత్రం కొత్తిమీర దగ్గరే అరుచుకునేవాళ్లం.

అలాంటి రోజుల్లో మున్సిపాలిటీ నుంచి ఉమామహేశ్వర్ అనే ప్లానింగు ఆఫీసరు వచ్చాడు. చెరువు నీళ్లు పాడవకుండా దాని చుట్టూ కొంత మేర పట్టీలాగా గుర్తు పెట్టి, ఆ పట్టీలో ఎరువు మందులు చల్లకూడదని, మురుగు వదలకూడదని కొత్త ప్లాను. అందులో ఉన్న బావుల నీళ్లు పరీక్ష చేయిస్తారు. తాగడానికి పనికిరానివి పూడ్చేస్తారు. ఒక సీసాలో సారలమ్మ బావి నీళ్లు పట్టుకుపోయాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి, నీళ్లల్లో నైట్రేటు మితిమీరి ఉందన్నాడు.

"నా బాయికి వంక వెడ్తవా సారూ?" అని సారలమ్మ చేద వేసి నీళ్లు తోడి, అతని ముందే దోసిలి పట్టి తాగింది. "సూడు! సచ్చిన్నా? కొబ్బరినీళ్ల లెక్క ఉన్నయి."

"నీకేం గాదమ్మా, పెద్దోళ్లు తట్టుకుంటరు," అన్నాడు ఉమామహేశ్వర్ నెమ్మదిగానే. "చంటిపిల్లకు ఈ నీళ్లతోని డబ్బా పాలు కలిపిన్రనుకో. రక్తంల ఊపిరి నిలవదు. ఒళ్లు నీలం అయితది. కాగవెట్టినా ఆ గుణం పోదు. ఈ నీళ్లు సీసాలల్ల పట్టుకపోయేటోళ్లంత బాలింతలేనట గదా?"

సుష్మతో మా ఇంటికి వచ్చి, అక్కడే పరిగెత్తుకుంటూ ఆడుతున్న నా మనవణ్ణి దగ్గరికి లాక్కుని ఒళ్లంతా తడిమి చూసుకున్నాను. వాడు చికాకుపడి విడిపించుకున్నాడు.

ఈ గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మడుల్లో చల్లే యూరియా నుంచి. ఆకుకూర కోసినప్పుడల్లా మళ్లీ ఏపుగా రావాలని గుప్పెళ్లతో చల్లుతారు. మొక్క తాగినంత తాగగా మిగిలింది నీటితో పాటు భూమిలోకి దిగి, ఇటు బావికీ అటు చెరువుకీ చేరుతుంది. పక్క పొలం చెక్కలో సారలమ్మ మరిది పోశయ్య బర్రెల కోసం గడ్డి పెంచుతాడు, అతనిది ఇంకా ధారాళమైన చెయ్యి. అంతా విని ఉమామహేశ్వర్ ఒక గడువు ఇచ్చాడు.

"వచ్చే వానకాలం దాటేదాంక చూస్తం. మందు బందు వెట్టున్రి. నీళ్లు బాగైతే బాయి ఉంటది. కాకుంటే పూడుస్తం. ఇంతకంటె నా చేతుల లేదు."

సారలమ్మ అతని వీపు వెనక మట్టి ఎత్తి పోసింది. ఆ రోజు ఆమె నోట వచ్చిన తిట్లు నేను రాయలేను. తెల్లారి మడిలో ఎప్పటిలాగే యూరియా చల్లింది కూడా.

కొన్నాళ్లకు గంప లేకుండా మా ఇంటికి వచ్చింది. గడప మీద కూలబడి నవ్వుతుంది, ఏడుస్తుంది. చివరికి రాణికి నెల తప్పిందని చెప్పింది. నేనూ ఏడ్చాను. చిదంబరం గారు ఏం జరిగిందోనని లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, ఇద్దరం ఏడవడం చూసి, ఎందుకైనా మంచిదని మంచినీళ్లు తెచ్చారు.

"అక్కా, బాయిని పూడ్వనియ్యద్దు. నా రాణి ఆడ చేద ఎయ్యాలె. గా సారు జెప్పినట్టే జేస్త," అంది. ఆ సాయంత్రమే మిగిలిన యూరియా బస్తా దుకాణంలో తిరిగి ఇచ్చేసింది.

తన మడి ఒక్కటీ మారితే సరిపోదు, పోశయ్య చెక్క కూడా మారాలి. వదినా మరుదులకు గట్టు దగ్గర గొడవై, ఏళ్ల తరబడి మాటల్లేవు. సారలమ్మ వెళ్లి గట్టు మీద నిలబడి, మేస్తున్న బర్రెతో మాట్లాడింది.

"ఓ బర్రె, మీ సేటుకు జెప్పు. రాణి నీళ్లాడితే ఈ బాయి కాడికే రావాలె. గడ్డికి మందు సల్లితే బాయి దక్కదు."

పోశయ్య కొడవలి ఆపాడు. తరువాత అతనూ బర్రెకే చెప్పాడు. "రాణి నాకు బిడ్డ గాదా అని అడుగే. రేపటి సంది సల్లనని గూడ జెప్పు."

నాకు నవ్వు ఆగలేదు. బర్రె మాత్రం ఇద్దరి మాటా విని పేడ వేసింది.

మందు మానేసరికి ఆకుకూర జ్వరం పడి లేచిన మనిషిలా తయారైంది. కాలనీలో అందరూ పెదవి విరిచారు. నేను మాత్రం రోజూ అదే కొని పప్పులో వేశాను. మా ఆయన కిక్కురుమనకుండా తిన్నారు. తినడంతో ఆగితే బాగుండేది. పొలం మనిషినని నిరూపించుకోవాలని ఆయనకి కోరిక పుట్టింది. "యూరియా వద్దన్నారు గాని పేడ వద్దనలేదుగా!" అని ట్రాక్టరు నిండా పశువుల ఎరువు తెప్పించి, నీళ్లు కలుపుకోవడానికి వీలుగా ఉంటుందని సరిగ్గా బావి పక్కనే కుప్ప పోయించారు. అందరం మెచ్చుకున్నాం. నేనైతే మా గోదావరి బుర్ర అని కాస్త గొప్ప కూడా పోయాను.

వానల మధ్యలో పరీక్ష చేయిస్తే నైట్రేటు తగ్గలేదు సరికదా, పెరిగింది. ఉమామహేశ్వర్ వచ్చి ఆ కుప్ప చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"పెంటల గూడ ఉండేది గదే గద సారూ! వానకు కారి సక్కగ బాయిలకు దిగింది. కుప్ప ఎప్పుడన్న బాయికి దూరం, పల్లంల ఉండాలె. ఎయ్యాల్సినంతే ఎయ్యాలె."

చిదంబరం గారి మొహం చూడలేకపోయాను. ఆ వానలోనే సారలమ్మ, పోశయ్య, మేమిద్దరం తట్టలతో ఆ ఎరువంతా దూరంగా మోశాం. నడుం విరిగిపోయింది. ఆ రోజంతా నేను ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టకపోయేసరికి ఆయన ఇంకా భయపడ్డారు.

వానలు వెనకబట్టాయి. రాణికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల అచ్చం సారలమ్మే, అదే చప్పిడి ముక్కు, అదే కోపం. కాని పరీక్ష ఫలితం కూడా అప్పుడే వచ్చింది. నైట్రేటు బాగా తగ్గింది, అయినా ఉండాల్సిన హద్దుకు ఇంకా పైనే ఉంది.

"ఇంకో ఏడాదికి దిగొచ్చేటట్టే ఉన్నది," అన్నాడు ఉమామహేశ్వర్. అతనికీ మనసొప్పడం లేదని తెలుస్తూనే ఉంది. "అందాంక తెరిచి ఎట్ల ఉంచుదునమ్మా? తాగొద్దని బోర్డు వెడితే ఆ బోర్డుకే బొట్టు పెడ్తరు మీరు. ఒక్క పిల్లకు ఏమన్న అయితే ఎవలు జవాబు చెప్పాలె?"

అతను చెప్పింది నిజమే. బోర్డుకి బొట్టు పెట్టేవాళ్లలో నేనే ముందుంటాను. రాణి పురిటి స్నానం దాకా ఆగమని మాత్రం బతిమాలాను. ఆ రోజు పొద్దున పూజ, మధ్యాహ్నం పూడ్చడం అని ఒప్పుకున్నాడు.

ఆ రోజు మేము వెళ్లేసరికే మట్టి తవ్వే యంత్రం గట్టు మీద నిలబడి ఉంది. ఉమామహేశ్వర్ దాని పక్కన చేతులు కట్టుకుని నిలుచున్నాడు. కాలనీ ఆడవాళ్లు చాలామంది వచ్చారు. ఆ బావిలో చేద వేసిన వాళ్లే అందరూ, ఆఖరిసారి చూద్దామని. రాణి తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, నీరసంగా నడిచి వచ్చింది. సారలమ్మ మనవరాలిని పొత్తిళ్లలో ఎత్తుకుని కూతురి వెనకే నడిచింది. యంత్రం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

రాణి బావి రాళ్లకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది, నానబెట్టిన శనగలు కొంగులో పోసుకుని చుట్టూ తిరిగింది. చేద వేసి తోడింది. వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. ఇన్నేళ్లు సారలమ్మ ఎదురుచూసినది ఆ దోసిలి కోసమే. నా కళ్లు మసకబారాయి.

దోసిలి పెదవుల దాకా వెళ్లింది. సారలమ్మ ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో రాణి మణికట్టు పట్టుకుంది.

"వద్దు బిడ్డా. తాగకు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పోశయ్యకు పంతం కూడా గుర్తులేనట్టుంది. "ఏంది వదినె, గిదేం జేస్తున్నవ్?" అని నేరుగా ఆమెనే అడిగాడు.

ఆమె అతనికి జవాబు చెప్పలేదు. రాణి దోసిలిలో నీళ్లను తన చేత్తోనే నేల మీదికి వంచేసింది. తరువాత బావిలోకి వంగి మాట్లాడింది.

"తల్లీ, నీకింక పానం బాగ గాలే. నీ కడుపుల మందు వోసినోళ్లం మేమే. నువ్వు బాగయినంక నా బిడ్డ తాగుతది, దాని బిడ్డ గూడ తాగుతది. అందాంక నిన్ను తిప్పలు వెట్ట."

అప్పుడు మా వైపు తిరిగింది. ఆమెకి అంత గొంతు ఉందని నాకు అప్పటి దాకా తెలియదు. "మీరు గూడ ఇనుండ్రి. మొక్కున్రి, బొట్టు వెట్టున్రి, చేద ఎయ్యున్రి. ఒక్క చుక్క నోట్లె పోసుకోవద్దు, సీసాలల్ల పట్టుకపోవద్దు. నా బిడ్డకే వద్దన్న. మీ బిడ్డలకు పోయనిస్తనా?"

ఒకావిడ సంచిలో తెచ్చుకున్న ఖాళీ సీసాను మెల్లగా కొంగు చాటుకు లాక్కుంది. బాలింత కోసమని నేను ఫ్లాస్కులో కాచిన మున్సిపాలిటీ కుళాయి నీళ్లు తెచ్చాను. సారలమ్మ అవి రాణి చేతికి ఇచ్చింది. రాణి బావి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని తాగింది.

ఉమామహేశ్వర్ దగ్గరికి వచ్చాడు. చాలాసేపు బావిలోకి చూశాడు. "బోర్డు మాట ఎవలు ఇనరనే గదమ్మా నేను పూడుస్తన్నది," అన్నాడు. "నీ మాట ఇంటరు. బాయి మీద ఇనుప జాలీ పెట్టి తాళం ఏయిస్త, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. ఏటేటా నేనే వచ్చి నీళ్లు పట్టుకపోత." గట్టు మీదికి చెయ్యి ఊపాడు. యంత్రం వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆడవాళ్లంతా రాణి చుట్టూ, పాప చుట్టూ మూగారు. శనగలు పంచుతున్నారు, నవ్వుతున్నారు. చూస్తే సారలమ్మ వాళ్లలో లేదు. బావికి అవతలి పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"బాయి దక్కిందిగా, ఇంకా ఎందుకే?" అన్నాను పక్కన కూర్చుంటూ.

"నలుగుర్ల ముందట నా తల్లిని పాడైనదన్ననక్కా. నా బిడ్డ నోటికాడి నీళ్లు గుంజుకున్న."

ఆమె తలను నా భుజానికి ఆనించుకున్నాను. అవతలి నుంచి పాప గుక్కపట్టి ఏడ్చింది, ఆకలి ఏడుపు. సారలమ్మ మొహం తుడుచుకుని లేచింది. లేస్తూ, జ్వరం చూసినట్టు బావి రాయి మీద అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం అలాగే ఉంచింది.