బరకం మీద సైకిలు

ఆదివారం పొద్దున్నే కాలవగట్టు రోడ్డు మీద తీరిగ్గా సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు ఉదయ్‌భాస్కర్. సగం రోడ్డు మేర ధాన్యం ఆరబోసి ఉంది.

"చక్రం గింజ మీద పడిందో, ఊరుకోను!" కాపలా ఉన్న సంపూర్ణమ్మ అరిచింది.

"రోడ్డు మీ సొంతమా అండీ?" అతనూ తగ్గలేదు.

అంతలో చైత్రపు ఎండ చప్పున మాయమై, కారుమబ్బు కమ్మేసింది. ఈదురుగాలి లేచింది. సంపూర్ణమ్మ ఆదరాబాదరాగా ధాన్యం కుప్పచేసి, టార్పాలిన్ బరకం కప్పింది. ఒక కొస తను తొక్కిపట్టేసరికి రెండో కొస గాలికి లేచిపోతోంది.

ఉదయ్‌భాస్కర్ సైకిలు దిగి పరిగెత్తుకొచ్చి దాన్ని పట్టుకున్నాడు. మూడోది లేచింది.

"బరువు పెట్టడానికి రాళ్లేవండీ?"

"రాళ్లెక్కడివి? నీ సైకిలు తెచ్చి పడెయ్యి!"

"ధాన్యం మీదా?"

చినుకు ఆవిడ చెంప మీద పడింది.

"ధాన్యం మీదే, నాయనా!"