తొమ్మిదో నంబరు హాజరు

నాకు కోపం ఎక్కువ. పిల్లలు నాకు పెట్టిన పేరు మిరపకాయ టీచర్. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకు తెలియదు. లెక్క తప్పితే ఊరుకోను, హోంవర్కు చేయకపోతే అసలే ఊరుకోను. అలాంటి సుహాసిని టీచర్ పదో తరగతి హాజరు రిజిస్టర్లో నెలన్నర పాటు తప్పుడు గీతలు గీసింది. ఎవరూ బలవంతం చేయలేదు. ప్రేమతోనే గీశాను. నా తెలివి అలా తెల్లారింది, ఏం చెప్పమంటారు!

మా బడి పాలమూరు పట్నం చివర, బైపాస్ అవతల ఉంటుంది. ఒకవైపు ప్లాట్ల కోసం పాతిన రాళ్ళు, ఇంకోవైపు పత్తి చేలు. మమ్మల్ని మునిసిపాలిటీలో కలిపారు గానీ నల్లా నీళ్ళు ఇంకా రాలేదు. పదో తరగతిలో ముప్పై ఒక్క మంది పిల్లలు. అందులో తొమ్మిదో నంబరు నిరోష.

నిరోషకు లెక్కలంటే పిచ్చి. నేను బోర్డు మీద సగం రాయకముందే జవాబు చెప్పేసేది. "జర ఆగవే! తక్కినోళ్ళను గూడ జర ఆలోచించనియ్యి" అని అరిస్తే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకోవాలని దాని పట్టుదల. నిజం చెప్పాలంటే దానికంటే నాకే ఎక్కువ పట్టుదల.

ఆగస్టు సగం గడిచేసరికి ఆ పిల్ల బడికి రావడం తగ్గిపోయింది. సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పని మొదలైంది. విత్తనాల కోసం పత్తి వేసేవాళ్ళు మగ పువ్వు తెంపుకొచ్చి ఆడ పువ్వుకు చేత్తో రుద్దించాలి. చేనంతా, ఒక్కో పువ్వుకూ అలాగే. దానికి ఆడపిల్లలనే వెతుక్కుంటారు. వేళ్ళు సన్నగా ఉంటాయి, చెట్టు వాళ్ళ ఎత్తే ఉంటుంది, పైగా ఎదురు మాట్లాడరు. పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చి ఎక్కించుకుపోతుంది.

నేను వాళ్ళింటికి పోయి నిరోష తల్లి పుష్పమ్మను కడిగేశాను.

"పదో తరగతి పిల్లను పనికి పంపుతవా? నీకు మనసెట్లొచ్చింది?"

ఆమె నడుము పట్టుకుని గోడకు ఆనుకుంది. "నేను పోదామంటే నడుము లేస్తలేదు టీచరమ్మ. దీని నాయిన ఉండి లేనట్టే. దీపావళి దాంక పోనియ్యి, పని ఒడుస్తది. గటెన్క రోజు పంపుత, నా బిడ్డ మీద ఒట్టు."

తల్లి వెనక నుంచి నిరోష మెల్లగా అడిగింది. "హాజరు తక్కువైతే పరీక్ష రాయనియ్యరంట గద టీచర్?"

డెబ్బై అయిదు శాతం ఉండాలి మరి. ఆ మొహం చూసి నా నోరు ఊరుకోలేదు. "గది నేను చూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు. పొద్దుమూకినంక మా ఇంటికొచ్చి లెక్కలు చెయ్యి" అన్నాను. ఆ మాట అన్నాక ఎంత గొప్పగా అనిపించిందో! దారంతా నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ మర్నాటి నుంచి పొద్దున తొమ్మిదో నంబరు పిలిచేదాన్ని. ఎవరూ పలికేవారు కాదు. పిల్లలు తలలు దించుకునేవారు. రానివాళ్ళకు వేయాల్సిన ఎర్ర సున్నా వేయకుండా, వచ్చినట్టు గీత గీసి పదో నంబరుకు పోయేదాన్ని. మధ్యాహ్నం భోజనాల దగ్గర, రిజిస్టర్ లెక్కన వండిన గుడ్లలో ఒకటి మిగిలేది. హెడ్మాస్టర్ కృష్ణకాంత్ సార్ ఆ గుడ్డు వైపు చూసేవారు, నా వైపు చూసేవారు, ఏమీ అడిగేవారు కాదు. సాయంత్రం నిరోష వచ్చేది. వేళ్ళ కొసలు పుప్పొడితో పచ్చగా ఉండేవి. రెండు లెక్కలు చేసి మూడోదాని మీద తల వాల్చేది. లేపి, నాలుగు తిట్టి, ఇంత అన్నం పెట్టి పంపేదాన్ని.

బతుకమ్మ, దసరా సెలవులకు ముందు మంగళవారం, చేనులో పక్క సాలులో పురుగుల మందు కొడుతున్నారు. పంపు పైపు ఊడింది. మందు నేరుగా నిరోష మొహం మీద పడింది. కుడి కన్ను తెరవలేకపోయింది. దవాఖానలో డాక్టరు చూసి, వారంలోగా హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తేనే కన్ను దక్కుతుందన్నాడట. పనిలో చిన్నపిల్లకు దెబ్బ తగిలిందని ఆయనే పిల్లల సంరక్షణ ఆఫీసుకు ఫోన్ చేశాడు. చేనులో జరిగిందని తేలితే వైద్యమంతా చేను ఆసామి అమరేందర్ చేయించాలి. తేలకపోతే పుష్పమ్మ ఆ పిల్లను బస్సెక్కించే స్థితిలో కూడా లేదు.

అమరేందర్ ఒకటే మాట పట్టుకున్నాడు. "ఆ పిల్ల నా చేనుకే రాలే. మంగళారం బడిల ఉంది. కావాలంటే రిజిస్టర్ చూసుకోండ్రి."

అతనికి ఎలా తెలుసు అంటారా? మా టీచర్ నాకు హాజరు వేస్తది అని నిరోష ట్రాలీలో తోటి పిల్లలకు మురిసిపోతూ చెప్పుకుంది. ఆ మాట అతని చెవిన పడింది.

శుక్రవారం ఆ ఆఫీసు నుంచి విచారణకు ఆఫీసరమ్మ బడికి వస్తుందనగా కృష్ణకాంత్ సార్ నన్ను పక్కకు పిలిచారు.

"మేడమ్, జర నిమ్మలంగ ఇనండ్రి. తప్పు రాసిన అని మీరన్నరనుకో, మీ నౌకరి పోతది. సంతకం నాది గూడ ఉంది, నా పింఛను ఆగుతది. పిల్ల హాజరు పడిపోయి పరీక్ష గూడ పాయె. గిందుల ఎవరికి లాభమో చెప్పండ్రి?"

భయపడ్డాను. రామన్నపేటలో మా అమ్మానాన్నలకు, ఇక్కడ మా పిల్లలకు నా జీతమే ఆధారం. రాత్రంతా ఆలోచించి, ఏమీ అనకుండా ఊరుకుందామనే నిర్ణయించుకున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం.

హెడ్మాస్టర్ గదిలో అమరేందర్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నేను కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాను. పుష్పమ్మ నిరోషను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సగం మొహం కట్టుతో మూసి ఉంది. ఆఫీసరమ్మ రిజిస్టర్ తెరిచి మంగళవారం గడి మీద వేలు పెట్టింది. తొమ్మిదో నంబరు ఎదురుగా గీత. నా చేతి గీతే.

"భయపడకు తల్లీ. మంగళవారం ఎక్కడున్నవు?"

నిరోష ఉన్న ఒక్క కంటితో నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనబడిందో ఏమో, వెంటనే తల తిప్పేసింది.

"బడిలనే ఉన్న మేడమ్."

"మరి కంట్లో మందెట్ల పడ్డది?"

"ఇంట్ల మందు డబ్బ కడుగుతుంటే పడ్డది."

పుష్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అమరేందర్ నవ్వాడు. "నేను మొదటిసంది గదే చెప్తున్న గద మేడమ్." ఆఫీసరమ్మ నిట్టూర్చి పెన్ను తీసింది.

అప్పుడు వచ్చింది నాకు కోపం. అమరేందర్ మీద తర్వాత. ముందు నా మీద. పదిహేనేళ్ళ పిల్ల నా ఉద్యోగం కాపాడటానికి తన కన్ను వదులుకుంటుంటే, నేను కుర్చీ పట్టుకుని నిలబడి చూస్తున్నాను. థూ, నా బతుకు!

"రాయకండ్రి మేడమ్" అన్నాను. గది అదిరిందట, తర్వాత చెప్పారు. "మంగళారం నేను తొమ్మిదో నంబరు పిలిచిన. పలకలే. గీత నేనే గీసిన. ఆ ఒక్క దినమే గాదు, ఇరవై తొమ్మిది దినాలు గట్లనే గీసిన. ఆ దినాలన్నీ ఈ పిల్ల గాయన చేన్లనే ఉంది."

కృష్ణకాంత్ సార్ నుదురు పట్టుకున్నారు. అమరేందర్ దిగ్గున లేచాడు. "ఏంది సార్ గిది? గామె నోటికొచ్చినట్టు..."

"కూసో!" అన్నాను. ఆ గొంతు మా పదో తరగతికి బాగా తెలుసు. అతనూ కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ అంతా రాసుకుని నా సంతకం తీసుకుంది. నేను సంతకం చేస్తుంటే నిరోష వచ్చి నా చేతి మీద కొట్టింది. మెల్లగా కాదు, గట్టిగానే.

"నేను చెప్పిన గద టీచర్! మీరెందుకు చెప్పిన్రు? మీ నౌకరి పోతది. నా పరీక్ష గూడ పాయె."

పరీక్ష కంటే కన్ను ఎక్కువ కాదా పిచ్చిదానా అని తిట్టబోయాను. సంతకం పూర్తి చేసి పెన్ను కింద పెట్టాను. ఆ ఇరవై తొమ్మిది రోజుల్లో మొదటి రోజే ఎర్ర సున్నా పెట్టి, మర్నాడు ట్రాలీకి అడ్డం నిలబడి ఉంటే ఈ పిల్లకు ఈ కట్టు ఉండేది కాదు కదా! ఆ మాట మాత్రం దానితో ఎలా అంటాను?

ఆ సాయంత్రమే నిరోషను హైదరాబాద్ తీసుకుపోయారు. ఆపరేషన్ అయింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తోందట, అక్షరాలు ఇంకా తెలియడం లేదట. ట్రాలీ ఆగిపోయింది. పరీక్ష సంగతి పైవాళ్ళు ఆలోచిస్తున్నారు.

దసరా సెలవులు అయిపోయిన రోజే నా సస్పెన్షన్ కాగితం వచ్చింది. తాళాలు అప్పగించడానికి వెళ్ళాను. పదో తరగతి గదిలో సోషల్ సార్ సైదులు హాజరు పిలుస్తున్నాడు. పిల్లలకు ఒకసారి కనబడి పోదామని గుమ్మం దగ్గర ఆగాను.

"ఎనిమిది."

"ప్రెజెంట్ సార్."

"తొమ్మిది."

మూడో బెంచీలో హరిత, నిరోష పక్కన కూర్చునే పిల్ల, పుస్తకం వెనక మొహం దాచుకుని గొంతు మార్చి పలికింది. "ప్రెజెంట్ సార్." ఒక్కరూ నవ్వలేదు. ముప్పై మందీ అనుకునే చేసిన పని అది. స్నేహితురాలి హాజరు కాపాడుతున్నారు. వాళ్ళకు ఆ పని నేర్పింది ఎవరో వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు.

సైదులు సార్ మా బడికి వచ్చింది ఆ రోజే, తొమ్మిదో నంబరు ఎవరో ఆయనకు తెలియదు. తల ఎత్తకుండానే గీత గీయబోయాడు.

"సార్" అన్నాను. "తొమ్మిదో నంబరు రాలే. ఎర్ర సున్నా పెట్టండ్రి."

తరగతి మొత్తం నా వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో పిల్లలు నన్ను చూసి భయపడ్డారు, వెనకాల నవ్వుకున్నారు. అలా అసహ్యంగా చూడటం మాత్రం అదే మొదటిసారి. హరిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అక్కడే నిలబడి, ఆయన ఎర్ర పెన్ను తీసి సున్నా పెట్టేదాకా చూసి, తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.