సరిగ్గా తూర్పు

గాలి ఎటు వీస్తే అటు తిరిగే రాగి బొమ్మ కావాలన్నాడు మా నాన్న. ఇంటి కప్పు మీద పెట్టించాలట. గాలి ఎటు వీస్తోందో కిటికీ తీస్తే తెలుస్తుంది కదా అంటే వినడు. రెండు నెలలు నా చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరు పెట్టాడు.

ఇల్లు కట్టడం ఆయనకు కొత్త కాదు లెండి. తాపీమేస్త్రీ. మేముంటున్న ఇల్లు కూడా ఆయన చేత్తో కట్టిందే. గడప తొక్కిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్తాడు. "గుమ్మం సరిగ్గా తూర్పు. వెంట్రుకవాసి తేడా లేదు." ఆ మాట విని ఎంతమంది ఆయన చేత ఇళ్లు కట్టించుకున్నారో లెక్క లేదు. ఇప్పుడు మోకాళ్లు వంగవు, తాపీ అటకెక్కింది, అమ్మ పోయి రెండేళ్లయింది. ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటే.

రాగిపని దుకాణానికి అయిదుసార్లు తీసుకెళ్లాను. కోడిపుంజును చూసి, ముక్కు బరువెక్కువ, తిరగదన్నాడు. చేపకు అతుకు కనిపిస్తోందన్నాడు. గుర్రాన్ని గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, రేకు పలచన అన్నాడు. దుకాణం ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది కానీ, నేనైతే మమ్మల్ని మొదటిరోజే బయటికి పంపేదాన్ని. అయిదోసారి తేల్చాడు.

"బాణం చెయ్యి. ఒట్టి బాణం."

నాకు ఒళ్లు మండింది. "ఒట్టి బాణానికా నాన్నా నన్నిన్నిసార్లు తిప్పావు?"

"కోడిని పెడితే జనం కోడినే చూస్తారు. కింద అక్షరాలు చూడాలి. అవి మాత్రం జానెడు ఉండాలి, వీధిలోకి కనపడాలి."

అక్షరాలంటే, తిరిగే బాణం కింద కదలకుండా నాలుగు కడ్డీలుంటాయి. వాటి చివర తూ, ద, ప, ఉ. బాణం చూసి, అక్షరం చూసి, గాలి ఎటు నుంచో చెప్పుకోవాలి. నాలుగు అక్షరాల కోసం ఆ దుకాణానికి మళ్లీ రెండుసార్లు తిరిగాను. 'తూ' తలకట్టు ఆయనకు నచ్చలేదు.

బిగించే రోజు వచ్చింది. నాన్న వీధిలో కుర్చీ వేయించుకుని తల పైకెత్తి కూర్చున్నాడు. మా ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. అంతకు మించి ఆయన దగ్గర ఆశించకూడదు. నేను అటక మీది కిటికీలోంచి తల బయట పెట్టి, కప్పు పనివాడికి మరలు అందిస్తున్నాను. అతను కడ్డీలు బిగించే ముందు జేబులోంచి దిక్సూచి తీశాడు. చూశాడు. విదిలించి మళ్లీ చూశాడు.

"అక్కా, ఈ ఇల్లు తూర్పు కాదు."

"మెల్లిగా మాట్లాడు. మరేంటి?"

"బాగా దక్షిణానికి తిరిగుంది. అక్షరాలు సరిగ్గా పెడితే కప్పుకి అడ్డదిడ్డంగా నిలబడతాయి. వీధిలో అందరికీ తెలిసిపోద్ది, ఇల్లు వంకరని."

కిందికి చూశాను. నాన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మావైపే చూస్తున్నాడు. జీవితమంతా చెప్పుకున్న మాట అబద్ధమని ఆయన తలమీదే జానెడు అక్షరాలతో రాసి పెట్టబోతున్నాం.

"కప్పుకి సరిగ్గా పెట్టెయ్," అన్నాను. "వీధి వైపు తూర్పు."

"తప్పు దిక్కు చూపిస్తదక్కా. నేను పెట్టింది చూసి నలుగురూ నవ్వరా?"

"గాలికి లేని బాధ నీకెందుకు? చెప్పినట్టు చెయ్యి."

అతను గొణుక్కుంటూనే బిగించాడు. కిందినుంచి మా ఆయన, "ఏమైంది, ఏమైంది," అని ఒకటే గోల. ఏమీ కాలేదని అరిచి చెప్పాను.

మా నాన్న సంబరపడతాడనుకున్నాను. బాణాన్ని చూశాడు, అక్షరాలు చూశాడు, లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు సరిగా తినలేదు. మర్నాడూ అంతే. పొద్దున్న లేచి వీధిలోకి వెళ్లడం, పైకి చూడడం, మొహం ముడుచుకుని రావడం. మూడోరోజుకి నా ఓపిక అయిపోయింది.

"ఇంకేం వంక దొరికింది నాన్నా? నువ్వడిగిన బాణమే, నీ జానెడు అక్షరాలే. ఇంకేం కావాలి నీకు?"

"దిక్కులు తప్పు పెట్టించావు," అన్నాడు.

"ఇల్లు సరిగ్గా తూర్పు అన్నావు కదా."

"కాదు. నాకు తెలీదా?"

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన కిటికీ వైపు చూపించాడు. "ముగ్గుపోసి పునాది గీస్తున్నప్పుడు మీ అమ్మ సరిగ్గా ఇక్కడ నిలబడింది. చలికాలం పొద్దున్నే కాఫీ తాగేటప్పుడు ఒంటిమీద ఎండ పడాలంది. సరిగ్గా తూర్పుకి కడితే ఎదురింటి గోడ అడ్డం. హద్దు మేకులు పీకి, ఇల్లంతా తిప్పి గీశాను. మేస్త్రీ సొంతిల్లే వంకరని తెలిస్తే పని ఎవరిస్తారు? ఎవరికీ చెప్పొద్దంది. చెప్పలేదు."

ఆ బల్ల దగ్గర అమ్మ కూర్చునే చోటు నాకు తెలుసు. ఎండ తగిలి ఆ చోట చెక్క రంగు వెలిసిపోయింది. నేను దాన్ని పదిసార్లు రుద్ది కడిగాను, మరక అనుకుని.

"మరి ఇప్పుడెందుకు పైన పెట్టి చూపించడం?"

"అది పోయింది. నేనూ పోతే ఎవరికీ తెలీదు. అక్షరాలు అడ్డంగా కనిపిస్తే, ఎవరో ఒకరు అడుగుతారనుకున్నా."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా నాన్నా. నా ప్రాణం తీసే బదులు."

"మాటిచ్చాను. నా అంతట నేను చెప్పకూడదు. అడిగితే చెప్పొచ్చు."

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కళ్లు తుడుచుకుని కప్పు పనివాడికి ఫోన్ చేశాను. అతను నా మాటకు అడ్డొచ్చి, "నేను ముందే చెప్పానక్కా," అన్నాడు. మాట పడ్డాను.

మధ్యాహ్నానికి నాలుగు అక్షరాలూ వాటి దిక్కులకు తిరిగి, కప్పుకి ఐమూలగా నిలబడ్డాయి. వీధిలో పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూశారు, వెళ్లిపోయారు. ఎవరూ అడగలేదు. నాన్న కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

మా ఆయన్ని నిచ్చెన వదిలి రమ్మన్నాను. పక్కింటివాళ్లకు కూడా వినపడేంత గట్టిగా అడిగాను.

"నాన్నా, మన ఇల్లు ఎందుకంత వంకరగా ఉంది?"

ఆయన గొంతు సవరించుకుని, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.