మోతగాడి అంగీ

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెది అద్దాలు అరగదీసే పని. కౌంటరు వెనకున్న చిన్న గదిలో మిషను ముందు కూర్చుని, ఒక్కో అద్దాన్నీ ఫ్రేములో ఇమిడేలా అంచులు అరగదీస్తుంది. మిషను మోగినంతసేపూ ఆ రొద మాటున గొంతు సాధన చేసుకోవడం ఆమెకు అలవాటు. ఒకసారి ఉన్నట్టుండి కరెంటు పోయి మిషను ఆగిపోయింది గానీ, ఈమె ఆగలేదు. బయట కళ్ళు పరీక్ష చేయించుకుంటున్న పెద్దాయన అక్షరాలు చదవడం మానేసి, "లోపల ఏ జంతువును పెంచుతున్నారండీ?" అని అడిగాడు.

జంతువు కాదు, హెవీ మెటల్ గాయని. చిన్నప్పుడు ఆమె అల్లరి భరించలేక ఇంట్లోవాళ్ళు "పిడుగు" అని పిలిచేవారు. నలుగురు కలిసి బృందం కట్టాక ఆ పేరే పోస్టర్ల మీదికీ ఎక్కింది. పాటలు రాసేది ఆమే, పాడేదీ ఆమే. అవి విడివిడి పాటలు కావు. ఆల్బమ్ మొత్తం ఒకే కథ. మంత్రగాళ్ళు, మంచుకోటలు, మనుషుల్లా మాట్లాడే నదులు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వింటేనే ఏం జరిగిందో తెలుస్తుంది. రెండు ఆల్బమ్‌లు ఇప్పటికే బయటికి వచ్చాయి. మూడోదానితో కథ ముగుస్తుంది.

ఆ కథలో అందరికీ ఇష్టమైనవాడు మోతగాడు. రెండు రాజ్యాల మధ్య లోతైన లోయ ఉంది. ఆ లోయలో కొండంత మనిషి ఒకడు నిలబడి, వంతెనను భుజాల మీద మోస్తూ ఉంటాడు. వందల ఏళ్ళుగా వాడి మీదుగా రాజులు, గుర్రాలు, బండ్లు, పెళ్ళివారు, పారిపోయేవాళ్ళు అందరూ దాటిపోతూనే ఉన్నారు. వాడు మాత్రం ఒక్కసారీ ఏ ఒడ్డుకూ చేరలేదు. అభిమానుల చొక్కాల మీద వాడి బొమ్మే. మూడో ఆల్బమ్ చివరి పాటలో వాడు చచ్చిపోతాడు. పాటకు వాయిద్యాలన్నీ రికార్డయిపోయాయి, పిడుగు గొంతు ఒక్కటే మిగిలింది. ఆల్బమ్ విడుదల రోజు కచేరీకి హాలు కూడా మాట్లాడేశారు.

ఆ కచేరీ కోసమే ఒక ఆదివారం పిడుగు మందపాటి బూడిదరంగు గుడ్డ మూటను భుజాన వేసుకుని మేనత్త దుకాణంలోకి వచ్చింది. మేనత్త దర్జీ. కింద ఆమె కుట్టుదుకాణం, పైన రెండు గదుల్లో పిడుగు కాపురం. అత్తకు మేనకోడలంటే ప్రాణం. పాటలు మొదలైతే మాత్రం చెవుల్లో దూది. అందుకే ఇన్నేళ్ళలో ఆ కథ ఏమిటో ఆమెకు ఒక్క ముక్క తెలియదు.

"అత్తా, నాకో పెద్ద అంగీ కావాలి. స్టేజీ మీద ఎత్తుపీట ఎక్కి నిలబడతాను. భుజాల నుంచి నేల దాకా పడాలి. పీట కనబడకూడదు."

అత్త గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇది తెరల గుడ్డ కదే! ఇంత బరువు ఎవరు మోస్తారు?"

"మోతగాడు. ఆ వేషం నాదే."

"ఏం చేస్తాడాయన?"

"ఏం చేస్తే ఏంటత్తా, నువ్వు కుట్టేసెయ్."

"బావుంది. వేసుకునేవాడు ఏం పని చేస్తాడో తెలియకుండా చంక ఎక్కడ కత్తిరించనే? చేతులు పైకెత్తుతాడా? వంగుతాడా? గుర్రమెక్కుతాడా? పాడొద్దు, మాటల్లో చెప్పు."

గిటారు, డ్రమ్ములు లేకుండా ఆ కథ చెప్పడం పిడుగుకు అదే మొదటిసారి. మొదట్లో కాస్త సిగ్గుపడింది, తర్వాత ఊపందుకుంది. అత్త మిషను తొక్కడం ఆపేసి, చెంపకు చెయ్యి ఆనించుకుని వింది.

"ఆఖరికి మంత్రగాడి సైన్యం వంతెనెక్కుతుంది. సరిగ్గా నడిమధ్యకు రాగానే మోతగాడు వంతెన వదిలేస్తాడు. సైన్యమంతా లోయలో పడి నాశనం. వాడూ పడి చచ్చిపోతాడు."

ఆ పాట రాసిన రోజు పిడుగు తనే వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త కళ్ళు చెమర్చాయేమోనని ఓరగా చూసింది. అత్త కనుబొమలు ముడిచి ఏదో లెక్క వేసుకుంటోంది.

"వంతెన వాడి భుజాల మీదుందన్నావు."

"అవును."

"మరి కాళ్ళెక్కడున్నాయి?"

"కిందే. లోయ అడుగున, నదిలో."

"నేల మీద నిలబడ్డవాడు ఇంకెక్కడికి పడతాడే?"

పిడుగు పాటంతా మనసులో మళ్ళీ తిరగేసింది. ఆ పాట ఎన్నిసార్లో సాధన చేశారు, వాయిద్యాలన్నీ రికార్డు చేశారు. బృందంలో ఒక్కరూ ఆ మాట అడగలేదు.

"అంటే... వంతెన వాడి మీద పడుతుంది కదత్తా. ఆ బరువుకి..." అని నీళ్ళు నమిలింది.

"ఇన్నాళ్ళూ మోసిన బరువేగా! పక్కకి తప్పుకుంటే సరిపోదూ?" అత్త మళ్ళీ గుడ్డ వైపు చూసింది. ఈసారి ఆమె గొంతు మెత్తబడింది. "అది సరేలే. అన్ని వందల ఏళ్ళలో వాడు ఒక్కసారన్నా కూర్చున్నాడా?"

"లేదు. కూర్చుంటే వంతెన పడిపోతుందిగా."

"అయ్యో పాపం." ఎవరో దగ్గరి చుట్టం గురించి విన్నట్టే అంది అత్త. "అందరూ కలిసి వాడి నడుము విరగ్గొట్టి, చివరికి ఒక్క క్షణం కూర్చోనివ్వకుండా చంపేస్తారా? ఏం మనసే నీది!"

"విషాదం అత్తా అది! జనం ఏడవాలి."

"జనాన్ని ఏడిపించడానికి వాడి ప్రాణమే దొరికిందా?" అత్త మూట కట్టేసి పిడుగు ఒళ్ళో పెట్టింది. "చావడానికైతే ఈ గుడ్డ నేను ముట్టను. కూర్చోవడానికైతే చెప్పు, మోకాళ్ళ దగ్గర వదులు పెట్టి మరీ కుడతాను."

పిడుగు మూటను బరబరా ఈడ్చుకుంటూ, మెట్లు అదిరేలా పైకి వెళ్ళిపోయింది. సంగీతం గురించి ఓనమాలు తెలియని మనిషి మాట తనెందుకు వినాలి? పాట కాగితం ముందేసుకుని కూర్చుంది. కానీ "పడిపోయాడు" అన్న చోటుకు రాగానే "ఎక్కడికి?" అని అత్త గొంతే వినిపిస్తోంది. నాలుగోసారి కాగితం కింద పెట్టేసింది. నిజంగా వాడినెందుకు చంపింది? పెద్ద కథ చివర్లో ఎవరో ఒకరు పోవాలి కాబట్టి చంపింది. అంతకుమించి కారణం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

మర్నాడు సాధనకు కలిసినప్పుడు బృందానికి సంగతి చెప్పింది. గిటారిస్టు ఒంటికాలి మీద లేచాడు. అతను పగలు బడిలో లెక్కలు చెబుతాడు, అందుకని అందరూ మేష్టారనే పిలుస్తారు.

"చావకపోతే నా గిటారు సోలో ఏమవ్వాలి? ఆ చావుకోసమే కట్టాను దాన్ని! కవరు బొమ్మ కూడా వేయించేశాం!"

బొమ్మ గోడకే ఆనించి ఉంది. నది మధ్యలోంచి పైకి లేచిన ఒక పెద్ద చెయ్యి. డ్రమ్మరు తల పక్కకు వాల్చి దాన్ని పరీక్షగా చూశాడు.

"బొమ్మకేం ఢోకా లేదు. నదిలో కూర్చుని ఒళ్ళు తోముకుంటున్నాడనుకుంటారు."

మేష్టారు తప్ప అందరూ నవ్వారు. అప్పుడు బేస్ గిటారు వాయించే అతను, నెలకో మాట మాట్లాడే మనిషి, గొంతు సవరించుకున్నాడు. "నేల మీద ఉన్నవాడు ఎక్కడికి పడతాడని నాకు మొదటి నుంచీ అనుమానమే."

"మరి చెప్పలేదేం?" అంది పిడుగు.

"ఎవరూ అడగలేదుగా."

మేష్టారు మాత్రం మెట్టు దిగలేదు. "సరే, పాడి చూపించు. వాడు కూర్చోవడం ఆ చావుకేక కంటే గొప్పగా ఉంటే ఒప్పుకుంటాను. లేదా, వాడు చచ్చినట్టు చావాల్సిందే."

అక్కడే వచ్చింది చిక్కు. చావుకేక పిడుగుకు కొట్టిన పిండి. కానీ కొండంత మనిషి వందల ఏళ్ళ తర్వాత కూర్చుంటే ఎలాంటి శబ్దం చేస్తాడు? శనివారం ఉదయం స్టూడియోలో మైకు ముందు నిలబడి మూలిగి చూసింది. "పంటినొప్పిలా ఉందండీ" అన్నాడు అద్దం అవతల నుంచి రికార్డింగు ఇంజనీరు. గొంతు తగ్గించి పాడింది. "ఇప్పుడు నిద్రొస్తున్నట్టుంది." పులిలా గాండ్రించింది. గొప్పగానే ఉంది గానీ, అది ఎవరినో తినబోయేవాడి శబ్దం, కూర్చోబోయేవాడిది కాదు. మేష్టారు మూలన గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, "నేను ముందే చెప్పాను" అన్న మొహంతో చూస్తున్నాడు.

పిడుగు హెడ్‌ఫోన్లు తీసి పడేసి బయటికొచ్చింది. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యడం లేదు. మరో పాటలో చిన్న సవరణ కోసం డ్రమ్మరు తన సామానంతా ఒక్కడే మెట్ల మీదుగా మోసుకొస్తున్నాడు. మొహం జేవురించింది, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆఖరి పెట్టెను గుమ్మం ముందు దించాడు, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు, కళ్ళు మూసుకున్నాడు.

"హమ్మయ్య!"

పిడుగు అలాగే నిలబడిపోయింది. "మళ్ళీ అను."

"ఏంటి?"

"ఇప్పుడన్నావే, అది."

"హమ్మయ్య?"

అతను కళ్ళు తెరిచేసరికి ఆమె లేదు. లోపల మైకు ముందుంది.

ఈసారి గొంతులోంచి కాదు, బొడ్డు దగ్గర నుంచి తీసింది. "హ" అన్నప్పుడు బండరాయి దొర్లినట్టు ఒక గరగర. "మ్మ" దగ్గర పెదాలు మూసి, లోయ మొత్తం హుంకరిస్తున్నట్టు ఊపిరున్నంతసేపూ లాగింది. "య్య" అనేసరికి గాండ్రింపంతా కరిగి ఒట్టి గాలైపోయింది. రాజులు, గుర్రాలు, బండ్లు, పెళ్ళివారు, అందరి బరువూ ఆ గాలిలో దిగిపోయింది.

అద్దం అవతల ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. మేష్టారు కోసం చూస్తే ఆయన గోడ దగ్గర నేల మీద చతికిలబడి ఉన్నాడు.

"ఏమైంది మేష్టారూ?"

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను. కాళ్ళు లాగుతున్నాయని ఇప్పుడే తెలిసింది." మోకాళ్ళు నొక్కుకుంటూ ఒప్పుకున్నాడు. "బతకనివ్వు వాణ్ణి. సోలో నేను మళ్ళీ వాయిస్తాను. ఇంత తొందర అక్కర్లేదు దానికి."

ఆ సాయంత్రం పిడుగు మూట కిందికి తెచ్చి దింపగానే అత్త మెడలోంచి టేపు తీసి, "కుర్చీలో కూర్చో, మోకాలి కొలత తీసుకోవాలి" అంది.

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. మొదటి వరసలో అంతా నల్ల చొక్కాలు, చిందరవందర జుట్లు, వాళ్ళ మధ్య చేతిసంచి చంకన పెట్టుకుని, చెవుల్లో దూదితో మేనత్త. పిడుగు డ్రమ్ముల ముందు ఎత్తుపీట మీద నిలబడి, అట్టముక్కతో చేసిన వంతెనను భుజాల మీద మోస్తూ ఆల్బమ్ మొత్తం పాడింది. చివరి పాటలో సైన్యం వంతెనెక్కింది. కవరు బొమ్మ చూసి మోతగాడు చస్తాడనే అందరూ అనుకుంటున్నారు. ముందు వరసలో ఒక గడ్డపాయన అప్పుడే జేబురుమాలు తీశాడు.

పిడుగు వంతెనను పక్కకు వదిలేసి, మెల్లగా మోకాళ్ళు వంచి, పీట మీద కూర్చుంది. బూడిదరంగు అంగీ మోకాళ్ళ దగ్గర చక్కగా విచ్చుకుని కొండ వాలులా పరుచుకుంది. అప్పుడు వచ్చింది హమ్మయ్య. హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ఎక్కడో వెనక ఒకరు "హమ్మయ్య!" అన్నారు. నలుగురందుకున్నారు. ఆఖరికి హాలు హాలంతా హమ్మయ్య అంటూ నేల మీద కూలబడింది. గడ్డపాయన ఏడుస్తూనే ఉన్నాడు, కాకపోతే నవ్వుతూ.

ఇక మిగిలింది ఒక్కటే. మేష్టారు సోలో వాయిస్తుండగా మోతగాడు లేచి, మొట్టమొదటిసారి ఒడ్డు వైపు నడిచిపోవాలి. పిడుగు లేవబోయింది. అంగీ లేవలేదు. వెనక అంచు పీటకూ డ్రమ్ముల వేదికకూ మధ్య ఇరుక్కుపోయింది. లాగింది. కదల్లేదు. డ్రమ్మరు వైపు చూస్తే రెండు చేతులూ పనిలో ఉన్నాయి. మేష్టారు సోలో అయిపోవచ్చి, సంగతి కనిపెట్టి, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. మూడోసారి కూడా మొదలెట్టాడు. పిడుగుకు చెమటలు పట్టాయి.

అంతలో పక్క మెట్ల మీదుగా మేనత్త స్టేజీ ఎక్కింది. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా వచ్చి, మోతగాడి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. సంచిలోంచి కత్తెర తీసి, అంచు దగ్గర కుట్లు టకటకా తెంపింది. అంగీ విడివడింది. అత్త లేచి చెయ్యి అందించింది.

"లే. మెల్లిగా."

పిడుగు ఆ చెయ్యి పట్టుకుని లేచింది. అత్త ఊరుకోలేదు. భుజం మీద ముడత కనబడితే రెండు చరుపులు చరిచి సాఫు చేసి, ఎలా వచ్చిందో అలాగే దిగిపోయింది. హాలు పైకప్పు ఎగిరిపోయేలా కేకలు వేసింది.

మర్నాటి నుంచి అభిమానులు ఇంటర్నెట్టులో ఒకటే చర్చ. మోతగాడు బతకడం గురించి ఒకరిద్దరు సణిగారు గానీ వాళ్ళను పట్టించుకున్నవాళ్ళు లేరు. అందరినీ పట్టి పీడించిన ప్రశ్న వేరే. ఆ కత్తెర పట్టుకొచ్చిన పెద్దావిడ ఎవరు? మూడు ఆల్బమ్‌లూ తిరగేసి వింటున్నారు. నదీదేవత అన్నారు కొందరు. కాలానికి ప్రతిరూపమన్నారు ఇంకొందరు. "నిజం చెప్పారో, చంపేస్తాను" అని మేష్టారు అందరికీ ఫోను చేసి మరీ చెప్పాడు.

కచేరీలో పోయిన పిడుగు గొంతు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఫోనులో ఆ రాతలన్నీ గుసగుసగా అత్తకు చదివి వినిపించింది. నదీదేవత దగ్గర అత్త మురిసిపోయింది. కాలం దగ్గర, "అంటే ఏమిటో!" అని నవ్వింది.

"ఎక్కువమంది మాత్రం నువ్వు మోతగాడి తల్లివంటున్నారత్తా."

అత్త మిషను ఆపేసింది.

"తల్లినా? వాడికే వందల ఏళ్ళన్నావు. మరి నాకెంత వయసనుకుంటున్నారే వాళ్ళు? చెల్లెలని రాయమను!"