మళ్ళీ దొరికిన రాయిగవ్వ

సముద్రం వెనక్కి తగ్గిన తడి ఇసుకలో కాజాల మాస్టారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, వంగి గవ్వల కోసం వెతుకుతూ నడుస్తున్నాడు. ఆదివారం ఉదయం ఆయన చేత ఈ పని మాన్పించడం ఎవరి తరమూ కాదు. ముందు కూతురు, పక్కన భార్య. అడుగుల అదురుకు పీతలు బొరియల్లోకి దూరుతున్నాయి. అవి ఆయనకు కనిపించడం లేదు గానీ, "పీతలు బాగా తిరుగుతున్నాయివాళ" అన్నాడు దర్జాగా.

దర్జీ దుకాణం వెనకగదిలో ఆయన పెళ్ళికి ముందు నుంచీ చొక్కాలకు కాజాలు కుడుతున్నాడు. కత్తిరించినవాడికి పేరు, తొడుక్కున్నవాడికి సోకు. కాజా ఎవరు కుట్టారని అడిగిన మనిషి లేడు. ఆయనా పట్టించుకోలేదు. ఎదుటి బల్ల దగ్గర కూతురు ఆ చొక్కాలకే గుండీలు కుడుతుంది.

పోయిన ఏడు కంటి డాక్టరు నరం దెబ్బతింటోందని, ఆపరేషన్ చేయించుకోకపోతే ఉన్న చూపూ పోతుందని చెప్పాడు. ఇసుకలో గవ్వను పట్టేవాడి కళ్ళకు రోగమేమిటని మాస్టారు ఇంటికొచ్చి భార్యను దబాయించాడు.

"నాన్నా, నీ కాలి దగ్గరేదో ఉంది చూడు" అంది కూతురు.

ఆయన తడిమి తీశాడు. రాయిగవ్వ. ఏ కాలానిదో నత్త రాయిగా మారిపోయి, మెలికలు మాత్రం మిగిలాయి. అలాంటిది దొరకడమంటే మాటలు కాదు. కూతురు పుట్టిన కొత్తలో ఒక్కటంటే ఒక్కటి దొరికింది. ఆయన ముఖం వెలిగిపోయింది. బొటనవేలితో మెలిక వెంబడి ఇసుక తోస్తూ ఉన్నట్టుండి ఆగాడు. లోపల దారం. పురి వేసి మైనం రాసిన కాజా దారం. చూపు తగ్గితే మాత్రం ఆ వేళ్ళకు దారం తెలియకుండా పోతుందా? ఇంట్లో గవ్వలన్నీ దారపుముక్కల డబ్బాలోనే పడి ఉంటాయి.

"ఇది మనింటిదే" అన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నారిలా?"

"మీరు ఓ ఆదివారం ఖాళీ చేతులతో వచ్చి అన్నం ముట్టలేదు కదా, అప్పట్నుంచి" అంది భార్య. డాక్టరు చెప్పినప్పుడైనా నిజం చెప్పేద్దామనుకుందట, నోరు రాలేదట.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. పరాయివాడి మోసమైతే నాలుగు తిట్టి దులిపేసుకునేవాడు. ఇది కట్టుకున్నదీ కన్నదీ కలిసి చేసింది. ఆ గవ్వలను నమ్ముకునే కదా ఆపరేషన్ వద్దన్నాడు. అంతలో ఇంకో అనుమానం వచ్చింది.

"అమ్మాయ్, మరి కాజాలు?"

కూతురు తల దించుకుంది. ఆయన భోజనానికి లేచినప్పుడల్లా వంకరపోయినవి విప్పి మళ్ళీ కుడుతున్నానని చెప్పింది.

మాస్టారు రాయిగవ్వను భార్య చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా దాచు. వచ్చే ఆదివారం మళ్ళీ దొరకాలిగా నాకు."

మర్నాడు పనికి వెళ్ళలేదు. మంచం దిగలేదు. కూతురు ఆస్పత్రికి వెళదామని బతిమాలితే విననట్టే ఉన్నాడు. ఆదివారం రాకముందే, ఓ మధ్యాహ్నం, గోడవైపు తిరిగి పడుకున్నవాడు మళ్ళీ ఇటు తిరగలేదు.

దినకర్మలయ్యాక కొన్నాళ్ళకు తల్లీకూతుళ్ళు సముద్రానికి వెళ్ళారు. ఆయన వంగే చోట భార్య రాయిగవ్వను ఇసుకలో పెట్టింది. ఎవరో వచ్చి తీస్తారన్నట్టు ఇద్దరూ కాసేపు నిలబడి, ఇంటిదారి పట్టారు. నీళ్ళు దాని దాకా వచ్చి వెళ్ళాయి. మెలికలోంచి నీలం దారం కొస బయటికి వచ్చి, తడిసి, గవ్వకు అంటుకుని ఉంది.